చెరువులో నల్ల మూల

పోశెట్టిపల్లెలో ఎవరి పొలానికి చెరువు మట్టి తోలాలన్నా ముందు దాని మీద భీమన్న చెయ్యి పడాలి. ఆయన చెరువులోకి దిగి, గుప్పెడు మట్టి తీసి, బొటనవేలితో నలిపి, ఉండ చేసి నేలకేసి కొట్టి "గిది పనికిరాదు" అంటే, ఇక ఆ మట్టిని దొంగ కూడా ముట్టడు. "గిది తోలుకో" అంటే దాని కోసం సొంత అన్నదమ్ములు జుట్లు పట్టుకుంటారు. అలాగని బోధన్ రోడ్డు మీది ఆ ఊళ్ళో చదువుకున్నవాళ్ళు లేరని కాదు. వ్యవసాయ ఆఫీసువాళ్ళు వచ్చి మట్టి పరీక్షలు చేసి ఇంటింటికీ కార్డులు కూడా ఇచ్చిపోయారు. జనం ఆ కార్డులను దేవుడి పటాల వెనక దోపి, భీమన్న ఇంటికి నడిచారు.

అలా అడిగించుకోవడం భీమన్నకు ఇష్టం. పైకి మాత్రం "నాకేం తెలుసురా, మా బాపు చెప్పిందే చెప్తున్న" అంటాడు. అరవై దాటిన రైతుకు ఊళ్ళో మిగిలే ఆస్తి ఆ పేరొక్కటే. ఆ పేరుతో పాటు ఒక మర్యాద కూడా ఉంది. ఎండాకాలం చెరువు అడుగంటాక మట్టి తీసే మొదటి రోజున కొబ్బరికాయ కొట్టేది ఆయనే. ఏ మూల మట్టి కావాలో ముందుగా ఎంచుకునేదీ ఆయనే. మిగిలినవాళ్ళు ఆయన వదిలేసింది తోలుకోవాలి.

ఈ ఏడు ఆయన ఎంచుకున్నది నల్ల మూల.

చెరువుకు ఎగువన రోడ్డు పక్కన పరమేశ్వర్ అనే ఆయన వాషింగ్ షెడ్డు ఉంది. డీజిలు, పెట్రోలు, తారు మోసే ట్యాంకర్లు అక్కడ ఆగి కడుపులు కడిగించుకుని పోతాయి. ఆ కడుగు నీళ్ళు ఒక చిన్న కాలువలో పడి, ఏళ్ళ తరబడి చెరువులో ఆ మూలకే చేరాయి. ఆ మూల ఏ ఎండాకాలమూ పూర్తిగా ఎండలేదు. ఈసారి ఎండింది. భీమన్న పార వేస్తే మట్టి కాటుకలా నల్లగా, వెన్నలా మెత్తగా వచ్చింది. నల్లమట్టి అంటే బలం. ఇది వాళ్ళ తాతల నాటి మాట. ఆ మాట పుట్టిన రోజుల్లో ట్యాంకర్లు లేవని ఎవరికి గుర్తుకొస్తుంది?

వాసన రాలేదా అంటే వచ్చింది. తాగి పడుకున్నవాడి పక్కన కూర్చున్నట్టు ముక్కుకు ఘాటుగా తగిలింది. ట్రాక్టరు హన్మాండ్లు ముక్కు మూసుకుని "ఏందన్నా గీ కంపు?" అన్నాడు. ఇన్నేళ్ళు నీళ్ళ కింద మురిగిన మట్టి కంపు కొట్టక అత్తరు వాసన వస్తుందా అన్నాడు భీమన్న. చెరువు మట్టికి వాసన ఉండడం ఆయనకు కొత్త కాదు. ఏ వాసన అన్నది మాత్రం ఆయన ఆలోచించలేదు.

ఆ మట్టినంతా బావి చుట్టూ ఉన్న పొలంలో పోయించాడు. ఒకప్పుడు అందులో చెరకు ఉండేది, తర్వాత వరి వచ్చింది. ఈసారి పసుపు పెడదామని ఆయన పంతం. కోడలు శిరీష పుట్టిల్లు ఏర్గట్ల. వాళ్ళ నాన్న మంచి విత్తనపు కొమ్ములు పంపించాడు. పసుపు భూమిని నమిలి తినే పంట, దానికి బలమైన మట్టి కావాలి. కొమ్ముల సంచీ ఇంట్లో గోడవార నీడలో సిద్ధంగా ఉంది.

ఇక బావి సంగతి. భీమన్న తండ్రి తవ్వించిన రాతి బావి అది. ఊళ్ళో ఇంటింటికీ నల్లా ఉన్నా, నల్లా నీళ్ళు బట్టలకు, బావి నీళ్ళు కడుపుకు అని లెక్క. ఆ నీళ్ళతో కందిపప్పు ఇట్టే ఉడుకుతుంది. నల్లా నీళ్ళతో చేస్తే పప్పులో బ్లీచింగు వాసన వస్తుందని ముసలివాళ్ళు ముద్ద ముట్టరు. ఊరందరూ తోడుకోవచ్చని భీమన్న తండ్రి మాట ఇచ్చి పోయాడు. ఆ మాట ఇప్పటికీ నడుస్తోంది.

శిరీషకు ఐదో నెల. అంతకు ముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. అందుకే ఈసారి అత్త వసంతమ్మ ఆమెను కాలు కింద పెట్టనివ్వడం లేదు. బావి నీళ్ళు తప్ప గొంతులో పడనివ్వడం లేదు. కొడుకు ప్రశాంత్ నిజామాబాద్‌లో లారీల మెకానిక్కు, వారానికొకసారి వస్తాడు. ఇంట్లో అందరూ గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు, గట్టిగా మాట్లాడితే బిడ్డ జారిపోతుందన్నట్టు.

మట్టి తోలిన మర్నాడే శిరీష కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వచ్చింది.

"మామా, పొలంకెల్లి పెట్రోలు వాసనొస్తుంది. కడుపుల తిప్పుతుంది."

వసంతమ్మ పక్కన కూర్చుని బీడీలు చుడుతోంది. "కడుపుతోని ఉన్నదానికి అన్నీ వాసనే" అని నవ్వింది. "మొన్న చింతపండుల వాసనొచ్చిందన్నది. నాకు ప్రశాంత్ కడుపుల ఉన్నప్పుడు మీ మామ వాసనే పడలే. పాపం వాకిట్ల పండిండు."

భీమన్న కూడా నవ్వాడు. శిరీష నవ్వలేదు. మళ్ళీ ఆ మాట ఎత్తనూ లేదు.

ఆయన మనసులో ముల్లు గుచ్చింది కొంగలు. మట్టి చిమ్మి దున్నుతుంటే నాగలి వెనక కొంగలు దిగుతాయి, వానపాములు, పురుగులు ఏరుకు తింటాయి. పక్కన చిన్నయ్య పొలంలో తెల్లటి కొంగలు బడిపిల్లల్లా వరస కట్టాయి. భీమన్న పొలం మీదికి వచ్చిన కొంగలు ఒక చుట్టు తిరిగి, దిగకుండానే వెళ్ళిపోయాయి. రెండో రోజూ అంతే. ఆయన గడ్డపారతో అక్కడా ఇక్కడా తవ్వి చూశాడు. ఒక్క పురుగు లేదు. ఒకచోట కప్ప చచ్చి, కాళ్ళు చాపి ఉంది.

ఇంటికొచ్చి కంచంలో నీళ్ళు పోసి, ఒక మట్టిపెళ్ళ వేశాడు. కాసేపటికి నీళ్ళ మీద పల్చటి పొర తేలి, ఇంద్రధనుస్సు రంగులు తిరిగాయి. ఆయన కంచాన్ని అటూ ఇటూ వంచి చూసి, ఎవరూ చూడకముందే పెరట్లో పారబోశాడు.

ఆదివారం ప్రశాంత్ వచ్చాడు. బండి దిగుతూనే ముక్కు ఎగబీల్చి, నేరుగా పొలంలోకి నడిచాడు. వంగి ఇంత మట్టి తీసుకుని వాసన చూశాడు.

"బాపూ, గిది మా గ్యారేజ్ వాసన. డీజిలు, కాలిన ఆయిలు, తారు. గిదేడికెల్లి తెచ్చినవ్?"

"నల్ల మూలకెల్లి."

"షెడ్డు నీళ్ళు పడే మూలకెల్లా?"

భీమన్న తల దించాడు. కొడుకు ముందు ఆయన తల దించడం అదే మొదలు.

మర్నాడు తండ్రీకొడుకులు మట్టిని డబ్బాలో కట్టుకుని నిజామాబాద్ వెళ్ళారు. ప్రశాంత్ అద్దెకుండే కంఠేశ్వర్‌లో, పై అంతస్తులో సవిత అనే కెమిస్ట్రీ లెక్చరర్ ఉంటుంది. ఆమె మూత తీసి, వెంటనే పెట్టేసి, కిటికీ తెరిచింది.

"పెద్దాయనా, నూనె నీళ్ళ మీద తేలుతదని మనకు తెలుసు గద. కానీ పెట్రోలుల, డీజిలుల కొన్ని పదార్థాలుంటయి. తేలికవి కొన్ని నీళ్ళల్ల కరుగుతయి. బరువైనవి అడుగుకు దిగి మట్టిని పట్టుకుంటయి. పట్టుకుంటే ఏండ్లకేండ్లు విడువవు. కొన్ని రక్తానికి మంచివి గావు, కొన్ని క్యాన్సర్ తెస్తయి. కడుపుల ఉన్న పిల్లలకు అసలే మంచిది గాదు."

ఆ ఆఖరి మాటకు ప్రశాంత్ గోడకు ఆనుకున్నాడు.

"మేడం, నా కోడలికి ముందు రెండుసార్లు పోయింది" అన్నాడు భీమన్న. "గప్పుడు గీ మట్టి లేదు. కానీ చెరువు నీళ్ళు బాయిలకు ఊరుతయి..."

"గది దీనివల్లనే అని నేను చెప్పలేను. ఎవరూ చెప్పలేరు. వేరే కారణాలు శానా ఉంటయి." ఆమె డబ్బా మూత ఇంకోసారి బిగించింది. "ఇప్పటిసంది మాత్రం ఆ బాయి నీళ్ళు ఎవ్వరూ తాగొద్దు. వాన పడకముందే మట్టి ఎత్తి, కింద మీద ప్లాస్టిక్ పట్టా వేసి పక్కన పెట్టండి. అధికారులకు చెప్పండి. వాన పడ్డదంటే అదంతా బాయిలకే దిగుతది."

"నాలుగు దినాలు ఎండల ఎండితే పోదా మేడం? వాసన ఇప్పటికే జర తగ్గింది."

"వాసన తేలికవాటిది, అవి గాలిల పోతయి. బరువైనవి మట్టిలనే ఉంటయి. వాసన పోయిందని విషం పోయిందనుకోకండి."

బస్సులో తిరిగి వస్తూ భీమన్న కొడుకుతో ఒక మాట తీసుకున్నాడు. శిరీషకు చెప్పొద్దు, భయంతోనే కడుపు పోతుంది. వసంతమ్మకు అసలే చెప్పొద్దు, ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. ఊరికీ ఇప్పుడే వద్దు. సప్పుడు చేయకుండా మట్టి ఎత్తేద్దాం, ఆ తర్వాత చెబుదాం. ప్రశాంత్ కాసేపు గునిసి ఒప్పుకున్నాడు.

కోడలి మీద ప్రేమతోనే ఆ మాట తీసుకున్నానని భీమన్న అనుకున్నాడు. అందులో సగం అబద్ధం. మట్టి గుణం చెప్పే భీమన్నే విషపు మట్టి ఎంచుకున్నాడని ఊళ్ళో తెలియడం ఆయనకు చావుతో సమానం. మనిషికి పేరు వచ్చాక, దాన్ని మోయడానికి ఏ గడ్డి అయినా తింటాడు.

ఇంటికెళ్ళి "ఇయ్యాల్టిసంది కోడలికి నల్లా నీళ్ళే" అన్నాడు. ఎందుకని వసంతమ్మ అడిగితే "చెప్పిన గద" అని కసిరాడు. బావిలో కప్ప చచ్చింది, నీళ్ళు తోడించాలి అని ఊళ్ళోవాళ్ళతో అన్నాడు. కప్పకే నీళ్ళు మానుకుంటే రాజులు కూడా బతకరని ఊళ్ళోవాళ్ళు నవ్వుకున్నారు. యథాప్రకారం తోడుకుపోయారు.

మట్టి తోలడానికి అడగగానే దొరికిన ట్రాక్టర్లు ఎత్తడానికి దొరకలేదు. మిరుగు కార్తె దగ్గర పడింది. ప్రతి బండీ ఎవరో ఒకరి దుక్కిలో ఉంది. జేసీబీవాడు ఫోనెత్తలేదు. ఆఖరికి హన్మాండ్లు పొద్దుగూకాక వస్తానన్నాడు. వచ్చి, పొలాన్ని చూసి బుర్ర గోక్కున్నాడు.

"ఏసిన మట్టి ఎత్తుడేందన్నా? పెండ్లిల పెట్టిన అన్నం వాపస్ అడిగినట్టు?"

"ఇంకా మంచి మట్టి దొరికింది, గది ఏద్దామని" అన్నాడు భీమన్న.

పొలానికి చిమ్మిన మట్టిని పారతో గీకి ఎత్తడం అంటే అన్నంలో కలిసిన నెయ్యిని వేరు చేయడమే. తండ్రి, కొడుకు, ఇద్దరు కూలీలు గీకి గీకి ఒక ట్రాలీ నింపారు. కూలీలకు చేతులు దురద పెట్టి మరునాడు రాలేదు. నింపిన ట్రాలీ ఎక్కడ ఖాళీ చేయాలో కూడా తెలియలేదు. ఎవరి భూమిలో పోస్తాడు? చెరువులోనే పోస్తే మళ్ళీ చెరువే. ప్రశాంత్ వ్యవసాయ ఆఫీసుకు ఫోన్ చేస్తే వస్తామన్నారు, ఎప్పుడన్నది చెప్పలేదు. ట్రాలీ బావి పక్కనే నిలబడిపోయింది.

ఆఖరికి భీమన్న షెడ్డుకే పోయాడు. పరమేశ్వర్ మంచిగానే కుర్చీ వేసి, చాయ్ తెప్పించాడు.

"అన్నా, నువ్వు చెప్పేది నేను కాదంటలేను. కానీ ఆ మట్టి తోలుకొమ్మని నేను చెప్పిన్నా? ఊరందరికీ మట్టి గుణం చెప్పేటోడివి నువ్వు."

చాయ్ తాగకుండానే లేచి వచ్చాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని వసంతమ్మ మాటిమాటికీ అంటుంది. దారిపొడవునా ఆ మాటే చెవిలో మోగింది. ఈ అడుసు కడిగితే పోయేది కూడా కాదు.

మర్నాడు మధ్యాహ్నం మబ్బు కమ్మింది. ఊరంతా ఆకాశాన్ని చూసి నవ్వుతోంది. భీమన్న ఒక్కడే దాన్ని చూసి రెండు చేతులూ జోడించాడు. పుట్టి బుద్ధెరిగాక వాన రావద్దని మొక్కడం ఆయనకు అదే మొదలు. ఏ దేవుడికి మొక్కాలో కూడా తోచలేదు. వానలు ఆపే దేవుడు రైతు ఇంట్లో ఎందుకుంటాడు?

వాన దంచింది. తండ్రీకొడుకులు బావి చుట్టూ కట్ట వేశారు. వేసిన కట్టను నీళ్ళు కోసుకుపోతుంటే గోనెసంచులు అడ్డం పెట్టారు, సంచుల కిందనుంచి దారి చేసుకుని నల్లటి నీళ్ళు రాళ్ళ సందుల్లోకి దిగాయి. భీమన్న ఆ సందులో కూర్చుని, వీపు అడ్డం పెట్టి, చేతులతో మట్టి మెత్తుతూనే ఉన్నాడు. "బాపూ, లే. ఇగ ఆగదు" అని ప్రశాంత్ రెక్క పట్టి గుంజాడు. ఆయన లేవలేదు. వాన దానంతట అది తగ్గేదాకా అక్కడే ఉన్నాడు.

పొద్దున్నే బావి దగ్గర బిందెల చప్పుడుకు భీమన్నకు మెలకువ వచ్చింది. మొదటి వానకు బావిలో నీళ్ళు పైకొచ్చాయని ఆడవాళ్ళందరూ సంబరంగా వచ్చారు. మెట్ల మీద అందరికంటే ముందు ఈరవ్వ ఉంది. ఊళ్ళో సగం మందిని మంత్రసానిగా కడుపులోంచి తీసిన చేతులు ఆమెవి. ఆమె వంగి, బిందె అడుగుతో నీళ్ళ మీది పొరను అటూ ఇటూ నెట్టింది. పాచిని నెట్టినట్టే, అలవాటుగా. పొర రంగులు తిప్పుకుంటూ పక్కకు జరిగింది. ఆ సందులో బిందె ముంచింది.

"అవ్వా, ముంచకు. గా నీళ్ళు తాగొద్దు. విషం" అని భీమన్న పరుగున దిగాడు.

"కొత్త నీళ్ళ మీద తెట్టె ఉండదా బిడ్డా? గింత నెట్టితే పోతది."

"తెట్టె గాదవ్వా. నేనేసిన మట్టి విషపు మట్టి. ట్యాంకర్ల నూనె. పట్నంల మేడం చూసి చెప్పింది."

ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చిన్నయ్య పెళ్ళాం బిందె నడుముకెత్తుకుంది. "మొన్న కప్ప అంటివి, ఇయ్యాల విషం అంటివి. రేపు గేటు పెట్టి తాళం ఏస్తవ్. బాయి నీ ఒక్కనిది చేసుకోవాలనుంటే సక్కగ చెప్పు."

"గట్ల గాదు..."

"మరి నువ్వేరి తోలిన మట్టి విషమెట్లయితది? నువ్వే గద బంగారమన్నవ్."

తన మాట మీద జనానికున్న నమ్మకమే ఇప్పుడు తన మాటను కొట్టేస్తోంది. ఈరవ్వ నిండిన బిందె నెత్తికెత్తుకుని ఊళ్ళోకి కాక, ఆయన ఇంటి దారి పట్టింది.

"అవ్వా, ఎవరికి గా నీళ్ళు?"

"నీ కోడలికే. ఇంకెవరికి? కడుపుతోని ఉన్న పిల్లకు నల్లా నీళ్ళు పోస్తున్నడు ముసలోడు అని వసంత ఏడ్చింది. నీకు తెల్వకుండ రోజూ నేనే పోసొస్తున్న."

రోజూ. ఆయన దాచిన నిజం పక్కనుంచే ఆ బిందె రోజూ నడిచిపోయింది. భార్యకు ఒక్క మాట చెప్పి ఉంటే ఆగిపోయేది.

బిందె లాక్కుని నీళ్ళు పారబోశాడు. ఈరవ్వ బిత్తరపోయి నిలబడింది. ఈమె ఒక్కదాన్ని ఆపితే ఏమవుతుంది? రేపు ఇంకొకరు నెట్టుకుని ముంచుకుంటారు. ఎల్లుండికి పొర సన్నబడుతుంది. ఆ తర్వాత వాసన పోతుంది. అప్పుడు ఎవడు చెప్పినా వినరు.

హన్మాండ్లు తన ట్రాలీ తీసుకుపోదామని ట్రాక్టరుతో అప్పుడే వచ్చి, దాన్ని తగిలించి కూర్చున్నాడు. భీమన్న దగ్గరికి పోయాడు.

"ట్రాలీ బాయి మొకాన పెట్టి ఎత్తు."

"ఏడికి?"

"బాయిలకు."

"అన్నా, నీకేమన్న పిచ్చా? మీ బాపు తవ్వించిన బాయి."

భీమన్న రెక్క పట్టి అతన్ని కిందికి దించి, తానే ఎక్కాడు. వెనక్కి తిప్పి, రాళ్ళకు చక్రాలు తగిలాక ట్రాలీ లేపే లివరు లాగాడు. ఆడవాళ్ళు కేకలు పెట్టి మెట్లెక్కి పారిపోయారు. నల్లటి మట్టి పెళ్ళలు పెళ్ళలుగా జారి, తండ్రి చేతి రాళ్ళను రాసుకుంటూ నీళ్ళలో పడింది. ఘాటు వాసన పొలమంతా లేచింది. ఈ విషం భూమిలోకి ఇంకా జల్దీ దిగుతుందని ఆయనకు తెలుసు. వద్దని మేడం చెప్పిన పనే తన చేతులతో చేస్తున్నాడు. అయినా లివరు వదలలేదు. ట్రాలీ ఖాళీ అయ్యాక దిగి, అందరి ముందూ బావి గట్టు మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఈరవ్వ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని బావిలోకి తొంగి చూసింది. ఆ రోజు నుంచి ఆ బావిలో ఎవరూ బిందె ముంచలేదు. భీమన్నకు మతి పోయిందన్నారు కొందరు. చిన్నయ్య మాత్రం తన బోరు నీళ్ళు లోటాలో పట్టి, వాసన చూసి వెళ్ళిపోయాడు.

వసంతమ్మ విషయం విని ఇంట్లో మూలన కూర్చుంది. తన చేతులనే మోకాళ్ళ మీద పెట్టుకుని చూసుకుంది. డాక్టరు శిరీషను పరీక్షించి, ఇప్పటికైతే బిడ్డ గుండె చప్పుడు ఉందని, ముందుముందు చూడాలని అన్నది. పుట్టింటికి పంపడం ఏడో నెలలో ఆనవాయితీ. అంతదాకా ఆగడానికి ఎవరికీ ధైర్యం లేకపోయింది.

ఏర్గట్లకు ఆటో మాట్లాడారు. ప్రశాంత్ వెనక సంచులు పెట్టాడు. వాడకుండానే మిగిలిన పసుపు కొమ్ముల సంచీ కూడా అందులోనే పెట్టాడు. శిరీష ఒక చెయ్యి కడుపు మీద పెట్టుకుని, ఆటో ఎక్కబోతూ మామ ముందు ఆగింది. ఆమె ముఖంలో కోపం లేదు. ఉంటే ఆయనకు కాస్త నయంగా ఉండేది.

"నేను మొదటి దినమే చెప్పిన గద మామా, వాసనొస్తుందని."

"చెప్పినవ్ బిడ్డా."

ఆటో బోధన్ రోడ్డెక్కి మలుపు తిరిగేదాకా నిలబడి, ఆ తర్వాత నల్లా దగ్గర కూర్చున్నాడు. ఊరికి మట్టి గుణం చెప్పిన కుడిచేతిని సబ్బుతో రుద్దాడు, బూడిదతో రుద్దాడు, మళ్ళీ సబ్బుతో రుద్దాడు. చివరికి ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకున్నాడు. ఏ వాసనా రాలేదు. మళ్ళీ రుద్దడం మొదలుపెట్టాడు.